గాలిగొట్టంలో బియ్యం

నా బండి గాలిగొట్టంలో పదకొండు బియ్యపు గింజలు దొరికాయి. లెక్కలో పొరపాటు లేదు. ఇరవై ఏళ్ళుగా చీపురుపల్లి హైస్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పి బతుకుతున్నవాణ్ణి, పదకొండు గింజలు లెక్కపెట్టలేకపోతే నా పేరు కూర్మనాథం కాదు.

దసరా వెళ్ళాక వచ్చిన మొదటి ఆదివారం అది. గరివిడి అవతల, ఎప్పుడో మూతపడిన మాంగనీసు గని గుట్టల మధ్య మోటోక్రాస్ ప్రాక్టీసు చేస్తున్నాను. తారు రోడ్డు మీద పందెం కాదది. బురదలో, గోతుల్లో, గుట్టల మీంచి ఎగురుతూ బండి తోలాలి. రెండో చుట్టులో నా బండి పొలమారినట్టు దగ్గింది. మూడో గుట్ట ఎక్కుతూ ఇంకోసారి దగ్గి ఆగిపోయింది. కిక్కు కొట్టి కొట్టి నా మోకాలు పట్టేసింది గానీ బండి పలకలేదు. తోసుకుంటూ టెంటు దగ్గరికి తెచ్చి, మెకానిక్కుని పిలవకుండా సీటు నేనే ఊడదీశాను. గాలి వడకట్టే స్పాంజి తీసి, దాని వెనక ఇంజనుకి గాలి వెళ్ళే గొట్టంలో వేలు పెట్టాను. నల్లగా, జిడ్డుగా, ఉబ్బిపోయిన గింజలు చేతికొచ్చాయి.

గని గుట్టల్లో వరి పండదు. ఎలుక పని అనుకుందామా అంటే, స్పాంజి ఊడదీసి, బియ్యం పోసి, మళ్ళీ స్పాంజి బిగించి వెళ్ళే ఎలుక ఎక్కడా ఉండదు. నా బండి స్పాంజి తీసేవాళ్ళు ఇద్దరే. ఒకణ్ణి నేను, రెండోవాడు మెకానిక్కు శివాజీ. నేను వెయ్యలేదు. ఇంక మిగిలింది ఎవరో చెప్పడానికి లెక్కల మాస్టారే అక్కర్లేదు.

శివాజీ సంగతి చెప్పాలి. పన్నెండేళ్ళ క్రితం ఈ గుట్టల పక్కనున్న స్కూల్లో నాకు టెన్త్ పబ్లిక్ పరీక్షల డ్యూటీ పడింది. పరీక్ష హాల్లో నాకున్న పేరు జిల్లాలో అందరికీ తెలుసు. నేను లోపలికి అడుగుపెడితే చొక్కా చేతుల్లోంచి చిట్టీలు వాటంతట అవే రాలతాయని స్టాఫ్ రూములో ఏడిపిస్తుంటారు. లెక్కల పరీక్ష రోజు మూడో వరసలో ఒక కుర్రాడి బల్ల కింద మడిచిన చిట్టీ దొరికింది. "నాది కాదు బాబూ, రాత సూడండి బాబూ" అని ఏడ్చాడు. దొరికిన ప్రతివాడూ అదే అంటాడు. రిపోర్టు రాశాను, సంతకం పెట్టాను, స్క్వాడుకి అప్పజెప్పాను. వాణ్ణి డిబార్ చేశారు. ఆ కుర్రాడే శివాజీ.

నేనీ గుట్టల దగ్గరికి వచ్చిందీ పరీక్ష డ్యూటీ వల్లే. మొన్న మార్చిలో మళ్ళీ అదే స్కూలు వేశారు. కిటికీ అవతల గుట్ట మీంచి ఒక బండి గాల్లోకి లేచింది. రెండు చక్రాలూ నేల మీద లేవు. దాని మీద మనిషి నిలబడే ఉన్నాడు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి నా కళ్ళు పిల్లల మీంచి పక్కకి వెళ్ళాయి. ఆ అర నిమిషంలో హాల్లో ఎన్ని చిట్టీలు చేతులు మారాయో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నాకు నలభై మూడేళ్ళు, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటాను, స్కూటరు మీద నలభై దాటి వెళ్ళినవాణ్ణి కాదు. అయినా పరీక్ష అవగానే గుట్టల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

క్లబ్బు తిరుమలరావుది. వయసులో ఉండగా బెంగుళూరు దాకా వెళ్ళి పందేలు తోలిన మనిషి, ఇప్పుడు ఒక కాలు కొంచెం ఈడుస్తాడు. నన్ను కిందికీ మీదికీ చూసి, "ఏటి మాస్టారూ, కుర్రాళ్ళ కోసం వచ్చినారా, మీకోసమేనా?" అన్నాడు. నాకోసమే అంటే నవ్వలేదు. అందుకే చేరాను.

చేరిన రోజే టెంటు కింద చక్రం విప్పుతున్న కుర్రాడు లేచి, చేతులు గుడ్డకి తుడుచుకుని, "మాస్టారూ, నన్ను గుర్తుపట్టినారా? టెన్తు, మేథ్సు రోజు, మూడో వరస" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. తన ఏడాది పాడుచేసినవాణ్ణి చూసి నవ్వే మనిషిని ఎలా నమ్మమంటారు?

అప్పణ్ణించీ వాడు చేసే ప్రతి పనీ గమనించాను. నేను కొన్న పాత బండిని వారం రోజుల్లో కొత్తదానిలా చేసి ఇచ్చాడు, అది మొదటి అనుమానం. కుర్రాళ్ళకంటే ముందు నా బండి చూసేవాడు, అది రెండోది. ఓ రోజు నా టైర్లలో గాలి సగమే ఉంది. అడిగితే "ఒదులు మట్టి కదా మాస్టారూ, గాలి తక్కువుంటేనే టైరు నేలని పట్టుకుంటాది" అన్నాడు. వాడు అటు తిరగగానే పంపు తెచ్చి బిర్రుగా కొట్టేశాను. మొదటి మలుపులోనే జారి బురదలో బోర్లా పడ్డాను. శివాజీ పరిగెత్తుకొచ్చి నన్ను లేపి, టైరు నొక్కి చూసి, ఏమీ అనకుండా గాలి తీశాడు. ఏమీ అనకపోవడం మూడో అనుమానం.

తిరుమలరావు బాధ వేరు. "గుట్ట ఎక్కేటప్పుడు మీరు ఎక్సలేటరు ఒగ్గేస్తన్నారు మాస్టారూ. సగంలో బండిని ఒగ్గేస్తే అది మిమ్మల్ని ఒగ్గెయ్యదేటి? సక్రం కేసి సూడకండి, ఎల్లే చోటుకేసి సూడండి. బండిని నమ్మాల." నెలల తరబడి అదే మాట. నాకేమో గుట్ట అంచు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే ఎక్సలేటరు వదిలేసేది. బండిని కాదు, బిగించినవాణ్ణి నమ్మలేదు నేను.

దసరా వెళ్ళిన రెండో ఆదివారం కొత్తవాళ్ళ పందెం. నాలుగు చుట్లు. ఎన్నోవాడిగా వచ్చినా పరవాలేదు, నాలుగూ పూర్తి చేస్తే క్లబ్బు జట్టులో చోటు, లేకపోతే మళ్ళీ ఏడాదికి. మా ఆవిడ కామేశ్వరి ముందే చెప్పేసింది, ఈ ఒక్క పందెమే అని. చేతులు కాళ్ళు తిన్నగా ఉండగానే మానేస్తే ఆవిడ సంతోషం. అంటే నాకు వచ్చే ఏడాది లేదు. ఆ నాలుగు చుట్లే నా జన్మకి. వాటికి సరిగ్గా వారం ముందు నా బండి గొంతులో బియ్యం.

"శివాజీ, ఇలా రా" అని పిలిచాను. కుర్రాళ్ళందరూ తల తిప్పారు. జేబురుమాలు విప్పి చూపించాను. "ఏమిటిది?"

శివాజీ వంగి చూశాడు. ఒక గింజని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. నా మొహంలోకి చూశాడు.

"పన్నెండేళ్ళు ఆగి పగ తీర్చుకున్నావన్న మాట" అన్నాను. "అప్పుడు చిట్టీ, ఇప్పుడు బియ్యం. నీ బుద్ధి మారలేదురా."

తిరుమలరావు "మాస్టారూ, ఆగండి" అంటున్నాడు. శివాజీ గింజని జాగ్రత్తగా నా రుమాల్లోనే పెట్టేశాడు. స్పానర్లు డబ్బాలో సర్దుకుని, "అన్నా, నాను ఎల్తాను" అని తిరుమలరావుకి చెప్పి, తన బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. తప్పు లేనివాడైతే ఎదురు మాట్లాడేవాడు కదా అనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి హాయిగా అన్నం తిన్నాను.

శనివారం మధ్యాహ్నం ఆ గింజలని సబ్బుపొడి నీళ్ళలో వేసి కడగడం మొదలుపెట్టాను. సాక్ష్యం శుభ్రంగా ఉండాలి, అగ్గిపెట్టెలో పెట్టి మర్నాడు అందరికీ మళ్ళీ చూపించాలని. జిడ్డు వదిలింది. గిన్నెలో నీళ్ళు పచ్చగా అయ్యాయి.

కామేశ్వరి కూరగాయలు తరుగుతూ తొంగి చూసింది. "అక్షింతలు సబ్బుతో కడుగుతారేమిటండీ!"

"అక్షింతలేమిటి?"

"పసుపు కనిపించట్లేదూ? దసరానాడు మీరు బండి మీద వేసినవేగా."

"మీద వేశాను. లోపలికి ఎలా వెళ్తాయి?"

కత్తిపీట పక్కకి జరిపి ఆవిడ నా మొహం చూసింది, జాలిగా. "ఆ పొద్దున్న బండి కడిగేరు. ఆ స్పాంజి ఏదో ఉతికి దండెం మీద ఆరేసేరు. సీటు గోడకి ఆనించేరు. ముహూర్తం దాటిపోతోందని అలాగే పూజకి కూచున్నారు. బోర్డు తుడిచే డస్టరుకీ, మీ జామెట్రీ పెట్టెకీ అయ్యేక, బండి గొట్టం తెరిచే ఉందని దాంట్లో గుప్పెడు వేసేరు. పళ్ళెం పట్టుకున్నది నేనే కదండీ. ఆరిన స్పాంజి సాయంత్రం మీరే బిగించేరు."

"మరి చెప్పొద్దా?"

"చెప్పబోయేను. మంత్రం మధ్యలో మాట్లాడొద్దని సైగ చేసేరు, కళ్ళు మూసుకునే."

మాకిది ఇంటి ఆచారం. మా తాతగారు గుళ్ళో మంత్రపుష్పం చెప్పేవారు. మూసిన వస్తువుకి పూజ చేస్తే పై రేకుకి చేసినట్టేనని ఆయన వాదన. అందుకని మా ఇంట్లో దసరాకి పుస్తకం తెరిచి పేజీల మధ్య, బీరువా తెరిచి అరలో, వీణ పెట్టె తెరిచి లోపల అక్షింతలు వేస్తాం. చిన్నప్పటినుంచీ అలవాటైన చెయ్యి, తెరిచిన గొట్టం కనిపిస్తే ఆగుతుందా? పరీక్ష హాల్లో మూడు గంటలు రెప్ప వెయ్యని మనిషిని, నా బండి గొంతులో నేనే గుప్పెడు పోసుకునేటప్పుడు కళ్ళు మూసుకున్నాను.

గిన్నెలోంచి ఒక గింజ తీసి వేళ్ళతో నలిపాను. ఆ రోజు శివాజీ గింజని వేళ్ళతో నలిపాడు. పసుపు వాడికి అప్పుడే కనిపించి ఉంటుంది. మరెందుకు చెప్పలేదు?

అప్పుడు లేచి అటక మీది ఫైలు దించాను. నేను పట్టుకున్న ప్రతి చిట్టీకీ, రిపోర్టుకి జతచేసే ముందు, ఒక జిరాక్సు తీసి దాచుకుంటాను. రూల్సు ఒప్పుకోవు. ఎవరైనా తర్వాత నన్ను తప్పుపడితే చూపించడానికి ఉండాలని దాచాను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, నేనూ తెరవలేదు. శివాజీ చిట్టీ దొరికింది. దాని పక్కన, దసరా ముందు విజయనగరంలో కొనాల్సిన సామాన్లకి వాడు నా కళ్ళ ముందే రాసిచ్చిన కాగితం పెట్టాను.

శివాజీ ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత కొడతాడు. చిట్టీలో ఏడుకి గీత లేదు. పన్నెండేళ్ళలో రాత మారదా అని నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను. కానీ చిట్టీ అంతా అక్షరాలు ఎడమకి వాలి ఉన్నాయి, ప్రతి లైను మీదా సిరా అలికినట్టుంది. ఎడం చేత్తో రాసేవాడి అరచెయ్యి తడి అక్షరాల మీదుగా పాకితే పడే మరక అది. వేల పేపర్లు దిద్దినవాణ్ణి, ఆ మరక నాకు తెలీకపోవడమేమిటి? శివాజీ కుడి చేత్తో రాస్తాడు. రాత సూడండి బాబూ అని వాడు ఆ రోజు బతిమాలాడు. నేను చూడలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

సాయంత్రం శివాజీ షెడ్డుకి వెళ్ళాను. గరివిడి రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఏదో స్కూటీ విప్పుతున్నాడు. నన్ను చూసి స్టూలు జరిపాడు.

"బియ్యం నేనే వేశానురా, దసరా పూజలో" అన్నాను. "తప్పు నాది."

"తెలుసు మాస్టారూ. పసుపు సూసినాను."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా!"

"సెప్తే నమ్ముతారేటి? ఒకపాలి సెప్పి సూసినాను కదా." కోపంగా అనలేదు, నట్టు బిగిస్తూ అన్నాడు.

నా చెయ్యి చొక్కా జేబులో జిరాక్సు దాకా వెళ్ళింది. బయటికి తియ్యలేకపోయాను. బియ్యం తప్పు ఒప్పుకోవడం తేలిక, ఒక మాటతో పోతుంది. ఈ కాగితం తీస్తే వాడి చదువు, వాడి ఏడాది అన్నీ దాంతోపాటు బయటికొస్తాయి. "రేపు వస్తావా?" అని మాత్రం అడిగాను.

"ఆ మాట నాకొక్కడికే సెప్తే ఏటి లాభం? పది మంది ముందర అన్నారు."

ఆదివారం పొద్దున్న పందెం బళ్ళన్నీ వరసలో పెట్టారు. కొత్తవాళ్ళం ఆరుగురం. తిరుమలరావు నియమాలు చెప్పడం అవగానే చెయ్యి ఎత్తాను. గుండెకి కట్టుకునే కవచం, మోకాలి చిప్పలు, చంకలో హెల్మెట్టు, ఆ వేషంలో నిలబడి చెప్పాను. బియ్యం నేను వేసుకున్నవే, శివాజీకి సంబంధం లేదు, వాణ్ణి అనరాని మాట అన్నాను అని. ఎవరో కుర్రాడు కిసుక్కుమన్నాడు. "అక్షింతలు పెల్లికొడుక్కి ఏస్తారు గానీ ఇంజనుకి ఏటండీ మాస్టారూ" అన్నాడు ఇంకొకడు. నవ్వారు. నవ్వనిచ్చాను.

శివాజీ అందరి వెనకా నిలబడి ఉన్నాడు. ముందుకొచ్చి నా బండి సీటు తీశాడు. గొట్టంలో వేలు పెట్టి తిప్పాడు, స్పాంజి బిగించాడు, టైరు నొక్కి చూసి గాలి కొంచెం తీశాడు. ఈసారి నేను పంపు కోసం వెతకలేదు. జిరాక్సు ప్లాస్టిక్ కవర్లో పెట్టి కవచం కింద దాచుకుని ఉన్నాను, అది గుండెకి గుచ్చుకుంటోంది.

జెండా ఊపగానే అయిదు బళ్ళు నా మొహం మీద మట్టి కొట్టి వెళ్ళిపోయాయి. మొదటి చుట్టు ఎలా తిరిగానో తెలీదు. రెండో చుట్టులో మలుపు దగ్గర పడ్డాను. లేచి కిక్కు కొడితే రెండో దెబ్బకే పలికింది. మూడో చుట్టుకి చేతులు మొద్దుబారిపోయాయి, నోరంతా ఎర్రమట్టి. నాలుగో చుట్టులో మూడో గుట్ట, వారం కిందట బండి ఆగిన గుట్ట. అంచు దగ్గర చెయ్యి ఎప్పట్లాగే ఎక్సలేటరు వదలబోయింది. బిగించింది శివాజీ అనుకున్నాను. వదల్లేదు. చక్రాలు నేలని వదిలాయి. జానెడో మూరెడో, అంతే, కిటికీలోంచి చూస్తే ఎవరికీ కనపడదు. నాకు మాత్రం కడుపు గొంతులోకొచ్చి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి.

నేను గీత దాటేసరికి మిగతా అయిదుగురూ హెల్మెట్లు తీసేసి మజ్జిగ తాగుతున్నారు. తిరుమలరావు నా వీపు మీద చరిచి, "అయినాయి మాస్టారూ, నాలుగూ అయినాయి" అన్నాడు. శివాజీ బండి పట్టుకున్నాడు. అందరూ అక్కడే ఉన్నారు. ఇంకా ఆగితే మళ్ళీ ధైర్యం పోతుందని కవచం కింద చెయ్యి పెట్టి కవరు తీసి ఇచ్చాను.

"ఏటిది మాస్టారూ?"

"నీ బల్ల కింద దొరికిన చిట్టీ. ఇది నీ రాత కాదు. నిన్ననే చూశాను. చూడమని నువ్వు ఆ రోజే చెప్పావు." హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకున్నాను. "నీ ఏడాది నేను పాడుచేశాను శివాజీ."

శివాజీ కవరు తీసుకుని చదివాడు. నెమ్మదిగా, పై నుంచి కింది దాకా. "ఏడాది కాదు మాస్టారూ. మా అయ్య మల్లీ బడికి పంపనేదు" అన్నాడు. తర్వాత ఆ రాత మీద బొటనవేలు పెట్టి, చిన్నగా నవ్వాడు. మొదటి రోజు నవ్విన నవ్వే. ఆ నవ్వులో ఏ పగా లేదని నాకు అప్పటికి తెలిసింది, అది వాడి మొహం, అంతే.

"ఇది ఎవుల రాతో నాకు తెలుసు" అన్నాడు.

"ఎవడిది?"

"సెప్పను." కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. "సెప్తే మీరు ఎల్లి ఆడ్ని పట్టుకుంటారు."

సిగ్గుతో తల దించుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ హాల్లో మూడో వరసలో ఎడం చేత్తో రాసిన కుర్రాడెవడా అని అప్పటికే గుర్తు తెచ్చుకుంటున్నాను.